పోప్ ఒక్కరే, ఏడాదులు మూడు

పోయిన నెల ఈ శీర్షికలో, కార్డినళ్లను లోపల పెట్టి తాళం వేసి పోప్‌ను ఎన్నుకోమనే పద్ధతి ఎలా నియమంగా మారిందని ఒకరు అడిగితే ఇటలీలోని విటెర్బో ఊరి కథ క్లుప్తంగా చెప్పాను. అక్కడ పోప్‌గా ఎన్నికైన పదో గ్రెగరీ పేరు, ఆయన పట్టాభిషేకం 1272 మార్చి 27న జరిగిందని, అలాంటివి ఆదివారాల్లో చేసేవారని కూడా రాశాను. కథ బాగుందని రాసినవాళ్ల కంటే తేదీలు కుదరడం లేదని పట్టుకున్నవాళ్లే ఎక్కువ, అది చూసి నిజంగా సంతోషం వేసింది. వాటిలో నాలుగు ఉత్తరాలు ఒకే దారిలో ఉన్నాయి, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను టీచర్ని. మా చర్చి హాల్లో పిల్లల కోసం పోపుల పేర్లు, సంవత్సరాలతో గోడ మీద పెద్ద పట్టిక రాయిస్తున్నాం. పదో గ్రెగరీ దగ్గర ఆగిపోయాం. ఒక పుస్తకంలో 1271 సెప్టెంబర్ 1, ఇంకోదాంట్లో మీరు రాసినట్టే 1272 మార్చి 27, మరోచోట పీసా వాళ్ల లెక్కన 1273 అని ఉంది. పరిపాలించిన కాలం కూడా ఒకచోట నాలుగేళ్ల పైన, ఇంకోచోట నాలుగేళ్ల లోపు. పెయింటర్ నిచ్చెన వేసుకుని కూర్చున్నాడు. మధ్యలో 1272 ఉంది కదా, అదే వేసేద్దాం అంటున్నారు మావారు. వేయొచ్చా? – ఒక టీచర్, కావలి

జవాబు: అమ్మా, పెయింటర్ని ఇంకొక్క రోజు ఆగమనండి. చెరో మెట్టు దిగి మధ్యలో కలవడానికి ఇది బేరం కాదు. మూడు తేదీలు మూడు రకాలుగా కనిపిస్తే వాటిలో రెండైనా తప్పు అయి తీరాలని అనుకుంటాం, అక్కడే దారి తప్పుతాం. మీరు రాసిన మూడూ నిజమే. ఏది దేని గురించి నిజమో విడదీసుకోవాలి, అంతే.

ముందు 1271, 1272 సంగతి చూద్దాం. మీ సర్వీస్ రిజిస్టర్ ఒకసారి తీయండి. డీఎస్సీలో ఎంపికయ్యాక ఆర్డర్ ఇచ్చిన తేదీ ఒకటి ఉంటుంది, బడికి వెళ్లి హాజరు పట్టీలో సంతకం పెట్టి చేరిన తేదీ ఒకటి ఉంటుంది. ‘మీకు ఉద్యోగం ఎప్పుడొచ్చింది’ అని అడిగితే మీ అమ్మగారు మొదటిది చెబుతారు, ఎంఈవో ఆఫీసులో గుమస్తా రెండోది చెబుతాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

పదో గ్రెగరీ విషయంలో ఆ రెండు తేదీల మధ్య ఒక సముద్రమే ఉంది. ఆయనకు ముందున్న పోప్ నాలుగో క్లెమెంట్ 1268 నవంబర్ 29న విటెర్బోలో చనిపోయారు. తర్వాత ఎవరన్నది కార్డినళ్లు తేల్చలేకపోయారు, ఫ్రాన్స్ వైపు మొగ్గినవాళ్లు కొందరు, వద్దన్నవాళ్లు కొందరు. ఊరి పెద్దలు విసిగిపోయి వాళ్లను భవనంలో ఉంచి తలుపులు బిగించారు, తిండి తగ్గించారు, చివరికి పైకప్పు కూడా ఊడదీయించారు. ఆఖరికి ఆరుగురు కార్డినళ్లకు నిర్ణయం అప్పగిస్తే వాళ్లు 1271 సెప్టెంబర్ 1న ఒక పేరు చెప్పారు. క్లెమెంట్ పోయిన రోజు నుంచి అప్పటికి 1006 రోజులు. ఆ పేరు తెయోబాల్డో విస్కొంతిది. ఆయన కార్డినల్ కాదు, లీయెజ్‌లో ఆర్చ్‌డీకన్, అంటే బిషప్ కింద పనులు చూసే అధికారి, ఇంకా గురుపట్టాభిషేకం కూడా కాలేదు, అంటే పాదిరీ కూడా కాదు. పైగా ఆ రోజు ఆయన ఇటలీలోనే లేరు, మధ్యధరా సముద్రం అవతల ఏకర్ రేవులో క్రూసేడ్ సైన్యంతో ఉన్నారు. కబురు ఓడలో వెళ్లాలి, ఆయన ఓడలో రావాలి. 1272 ఫిబ్రవరిలో విటెర్బో చేరారు, మార్చి 13న రోమ్‌లో అడుగుపెట్టారు, 19న గురువు అయ్యారు, 27న పోప్‌గా అభిషేకం, కిరీటధారణ జరిగాయి.

కాబట్టి ఎన్నికను రాసుకున్నవాళ్లకు 1271, పట్టాభిషేకాన్ని రాసుకున్నవాళ్లకు 1272. పోప్ పంపే ఉత్తర్వుల కింద ‘మా పాలన ఫలానా ఏట’ అని వేస్తారు, ఆ కాలంలో ఆ లెక్క పట్టాభిషేకం నుంచే నడిచేది, మీ సర్వీసు చేరిన రోజు నుంచి నడిచినట్టు. పాలనా కాలంలో తేడా కూడా దీనివల్లే. ఆయన 1276 జనవరి 10న అరెజ్జోలో చనిపోయారు. ఎన్నిక నుంచి లెక్కిస్తే నాలుగేళ్ల నాలుగు నెలల పైచిలుకు, పట్టాభిషేకం నుంచి లెక్కిస్తే మూడేళ్ల తొమ్మిది నెలల పైచిలుకు. పాత చరిత్రకారుడు ఎవరైనా ‘ఇన్నేళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు కూర్చున్నాడు’ అని రాస్తే మరణించిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లండి, ఏ గుమ్మం దగ్గర ఆగుతారో చూస్తే ఆయన దేన్ని మొదలుగా పెట్టుకున్నాడో తెలిసిపోతుంది. నేను ముందుగా చేసే పని ఇదే.

ఇక 1273. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్న అంకె ఇది. ఇప్పుడు లోకమంతా జనవరి 1న క్యాలెండర్ మారుస్తుంది గానీ ఆ రోజుల్లో యూరప్‌లో ఏ ఊరి ఉగాది ఆ ఊరిదే. కొన్ని చోట్ల క్రిస్మస్ నుంచి కొత్త ఏడాది. వెనిస్‌లో మార్చి 1. ఫ్లారెన్స్‌లో, పీసాలో మార్చి 25, అంటే మంగళవార్త పండుగ. ఫ్రాన్స్ రాజుగారి కచేరీలో ఈస్టర్ నుంచి. ఫ్లారెన్స్, పీసా రెండూ ఒకే రోజున కొత్త ఏడాది మొదలుపెట్టినా అంకె దగ్గర మళ్లీ వేరైపోయాయి. పీసా వాళ్లు యేసు తల్లి గర్భంలో పడిన మార్చి 25 నుంచే లెక్క మొదలుపెట్టారు, ఫ్లారెన్స్ వాళ్లు పుట్టిన తర్వాత వచ్చిన మార్చి 25 నుంచి మొదలుపెట్టారు. దానితో ఇద్దరికీ ఎప్పుడూ సరిగ్గా ఒక ఏడాది తేడా. మన ఇళ్లల్లో పసిపిల్ల వయసు అడిగితే ఒకరు ‘ఏడాది నిండింది’ అంటారు, ఇంకొకరు ‘రెండో ఏడు నడుస్తోంది’ అంటారు, అలాగన్నమాట. మన శాసనాల్లోనూ ఈ చిక్కు ఉంది. శక సంవత్సరం గడిచినది చెబుతున్నారా, నడుస్తున్నది చెబుతున్నారా అన్న దాన్ని బట్టి ఒక అంకె మారుతుంది. 1271 సెప్టెంబర్‌నే తీసుకుంటే గడిచిన లెక్కన శక 1193, నడిచే లెక్కన 1194. రెండు లెక్కల్లోనూ అది ప్రజోత్పత్తి సంవత్సరమే.

ఇప్పుడు 1272 మార్చి 27నాటి సంగతి ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరు రాసుకుంటున్నారనుకోండి. క్రిస్మస్ లెక్క వాడే ఊళ్లో 1272. ఫ్లారెన్స్‌లోనూ 1272, కాకపోతే అది మొదలై మూడో రోజు, అదే పట్టాభిషేకం మూడు రోజులు ముందు మార్చి 24న జరిగి ఉంటే వాళ్లు 1271 అని రాసేవాళ్లు. పీసాలో 1273. పారిస్‌లో ఇంకా 1271, ఎందుకంటే ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 24న గానీ రాలేదు. ఒకే ఆదివారం, మూడు అంకెలు. ఇది మనకు వింతగా ఉండాల్సిన పని లేదు. 2025 ఏప్రిల్ 5న నెల్లూరులో ఉన్నవాళ్లకు విశ్వావసు వచ్చి వారం కావస్తోంది, అదే రోజు తడ దాటి మద్రాసు వైపు వెళ్తే అక్కడివాళ్ల పంచాంగంలో ఇంకా క్రోధే నడుస్తోంది, ఏప్రిల్ 14 దాకా. మూడు గంటల రైలు ప్రయాణంలో ఏడాది పేరు మారిపోయింది.

ఈస్టర్ లెక్కలో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ పండగ తేదీ మన ఉగాదిలా ఏటా మారుతూ ఉంటుంది. పారిస్ వాళ్ల 1271 సంవత్సరం మన 1271 ఏప్రిల్ 5న మొదలై 1272 ఏప్రిల్ 23 దాకా సాగింది, కాబట్టి ఏప్రిల్ 5 నుంచి 23 వరకు ప్రతి తేదీ ఆ ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు వచ్చింది. అధిక శ్రావణం, నిజ శ్రావణం అని మనం విడిగా చెప్పుకున్నట్టు అక్కడి గుమస్తాలు (పాస్కా అంటే ఈస్టరే) ‘పాస్కాకు ముందు’, ‘పాస్కా తర్వాత’ అని పక్కన రాసేవాళ్లు. ఆ మాట రాయడం మర్చిపోయిన కాగితం చేతికొస్తే మాత్రం తల పట్టుకోవాల్సిందే.

మీ గోడకు వద్దాం. ‘ఎన్నిక 1271 సెప్టెంబర్ 1, పట్టాభిషేకం 1272 మార్చి 27’ అని రెండూ రాయించండి, చోటు లేకపోతే అక్షరాలు చిన్నవి చేయించండి గానీ ఒకటి తీసేయకండి. 1273 గోడ మీద వద్దు, పిల్లలకు నోటితో చెప్పండి.

ప్రశ్న: సార్, ఒంగోలులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పట్టాభిషేకం మార్చి 27 అని మీరు రాశారు. ఆ తేదీని లాటిన్‌లో ‘ఏప్రిల్ కలెండ్స్‌కు ఆరో రోజు’ అంటారట. అంటే ఏప్రిల్ 6 కావాలి కదా? పాత రాతల్లో ఆరు కాస్తా మూడు అయిపోతుందని మా లెక్చరర్ అన్నారు, అదెలాగో అర్థం కాలేదు. ఇంకొకటి, నాలుగు పుస్తకాలు ఒక తేదీ చెప్పి ఒకటే వేరేది చెబితే నాలుగింటినే నమ్మొచ్చా? – ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: తమ్ముడూ, కలెండ్స్ అంటే నెల మొదటి రోజు. రోమన్లు నెల సగం దాటాక ‘ఇన్ని రోజులు గడిచాయి’ అని చెప్పరు, ‘వచ్చే ఒకటో తారీకుకి ఇన్నో రోజు’ అని చెబుతారు. సంక్రాంతికి ఇంకా ఎన్ని రోజులుందని పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నట్టు వెనక్కి వెళ్లాలి. ఒక్కటే జాగ్రత్త, లెక్కలో ఒకటో తారీకు కూడా కలుస్తుంది. మన ఇళ్లల్లో పదకొండో రోజు, పన్నెండో రోజు అని కర్మల లెక్క వేసేటప్పుడు పోయిన రోజును కూడా కలుపుకుంటాం చూడు, అదే పద్ధతి. ఏప్రిల్ 1 ఒకటి, మార్చి 31 రెండు, 30 మూడు, 29 నాలుగు, 28 అయిదు, 27 ఆరు. వచ్చింది కదా. ఏప్రిల్ పేరు కనపడగానే ఏప్రిల్‌లోకి దూకేస్తే పది రోజులు ముందుకు పోతావు, అచ్చయిన పుస్తకాల్లో కూడా ఈ పొరపాటు చూశాను.

ఆరు మూడు కావడం చేతిరాతకు సంబంధించిన సంగతి. రోమన్ అంకెల్లో ఆరు అంటే అయిదు గుర్తు, పక్కన ఒక నిలువు గీత. ఆ కాలం లేఖకులు అయిదు గుర్తును కింద కోసుగా కాకుండా గిన్నెలా గుండ్రంగా, ఇంగ్లిష్ ‘యు’ అక్షరంలా రాసేవాళ్లు. కలంలో సిరా తగ్గి ఆ గిన్నె అడుగు పడలేదనుకో, రెండు నిలువు గీతలే మిగులుతాయి. పక్కనున్న గీతతో కలిపి మూడు గీతలు. తర్వాత దాన్ని చూసి రాసేవాడు నిజాయితీగానే ‘మూడు’ అని ఎక్కిస్తాడు, మార్చి 27 కాస్తా మార్చి 30 అవుతుంది. ఒక కాగితం తీసుకుని నీ చేత్తో రాసి చూడు, ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

మరి ఏది సరైనదో ఎలా పట్టుకోవాలి? వారం చూడాలి. 1272లో ఈస్టర్ ఏప్రిల్ 24, ఈస్టర్ ఎప్పుడూ ఆదివారమే. అక్కడి నుంచి వారం వారం వెనక్కి రా: 17, 10, 3, మార్చి 27. ఆదివారం కుదిరింది. మార్చి 30 అయితే బుధవారం పడుతుంది, బుధవారం నాడు పోప్‌కు పట్టం కట్టరు. ఇంకో చిన్న సంగతి కూడా జతకూడుతుంది. మార్చి 19న ఆయన గురువు అయ్యారన్నాను కదా, అది శనివారం, అదీ తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో, గురుపట్టాలు ఇవ్వడానికి ఆనవాయితీగా కేటాయించిన శనివారం. రెండు తేదీలు విడివిడిగా వాటి వాటి నియమాలకు అతికినట్టు సరిపోయాయంటే ఇక నాకు అనుమానం ఉండదు.

నీ మూడో ప్రశ్నకు నా జవాబు గట్టిగా ‘కాదు’ అనే. తలకాయలు లెక్కపెట్టకూడదు. మార్టిన్ అనే డొమినికన్ సన్యాసి పదమూడో శతాబ్దంలో పోపుల, చక్రవర్తుల చరిత్ర రాశాడు, ఒక పేజీలో పోపులు, ఎదురు పేజీలో చక్రవర్తులు, పేజీకి యాభై వరుసలు, వరుసకు ఒక ఏడాది. వాడుకోవడానికి అంత సులువుగా ఉండేసరికి యూరప్ అంతటా వందల ప్రతులు తయారయ్యాయి, తర్వాత చరిత్ర రాసినవాళ్లు అందులోంచే తేదీలు ఎత్తుకున్నారు. అలాంటి పుస్తకంలో ఒక తేదీ తప్పు పడితే ఇరవై మంది సాక్షులు అదే తప్పు చెబుతారు, నిజానికి సాక్షి ఒక్కడే. పరీక్షలో ఒకరి పేపరు చూసి నలుగురు రాస్తే నాలుగు జవాబులు ఒకేలా ఉన్నాయని మార్కులు వేస్తారా? ఎవరు దగ్గరుండి చూశారు, ఎవరు చూసినవాళ్లను అడిగారు, ఎవరు ఎవరి దగ్గర ఎక్కించుకున్నారు, ఇది ముందు తేల్చుకో. దూరాన ఉన్నవాడైతే జరిగిన రోజు కాకుండా కబురు అందిన రోజు రాసుకుని ఉండొచ్చు, అది కూడా చూడాలి.

దీనికి మన తీరంతో ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. మార్కో పోలో తండ్రి, బాబాయి తొలి చైనా ప్రయాణం నుంచి తిరిగొస్తూ ఏకర్ చేరేసరికి పోప్ చనిపోయారని తెలిసింది. అది ఏ ఏడాది? మార్కో పోలో పుస్తకం పాత ప్రతుల్లో కొన్నిటిలో 1260 అని ఉంది. 1260లో ఏ పోప్ చనిపోయారు? ఎవరూ లేరు, నాలుగో అలెగ్జాండర్ అప్పటికి బతికే ఉన్నారు, ఆయన పోయింది 1261 మేలో. కథలో పేరు క్లెమెంట్‌ది, క్లెమెంట్ పోయింది 1268 నవంబర్ చివర్లో. కాబట్టి 1269 తప్ప వేరే దారి లేదు, ఎన్ని ప్రతులు 1260 అన్నా సరే. కొత్త పోప్ కోసం రెండేళ్లు చూసి, లాభం లేదని మార్కోను వెంటపెట్టుకుని బయల్దేరితే, దారిలో అయాస్ రేవు దగ్గర ఉండగా తెయోబాల్డో ఎన్నికయ్యాడన్న కబురు అందింది. ఆయన వాళ్లకు బాగా తెలిసినవాడే, ఏకర్‌లో ఉత్తరాలు రాసిచ్చింది ఆయనే. వెనక్కి వెళ్లి పోప్ హోదాలో కొత్త ఉత్తరాలు తీసుకుని మళ్లీ కదిలారు. 1271 సెప్టెంబర్ 1 అన్న తేదీ గట్టిగా నిలబడబట్టే మార్కో పోలో ప్రయాణం మొదలు ఆ ఏడాది చివరి నెలల్లో అని మనం చెప్పగలుగుతున్నాం.

ఆ మార్కో పోలోనే ముత్ఫిలి అని ఒక రాజ్యం గురించి, దాన్ని ఏలే రాణి గురించి రాశాడు. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి, నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న ఊరు, ఆ రాణి రుద్రమదేవి. ఒంగోలు నుంచి దూరం కాదు, వీలు చేసుకుని వెళ్లిరా. గణపతిదేవుడు విదేశీ ఓడ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసన స్తంభం అక్కడ గుడిలో ఉంది. శక 1166, క్రోధి సంవత్సరం. అంటే 1244. నేను మొదటిసారి ఆ రాయి ముందు నిలబడి పేరు, అంకె కలుస్తాయా లేదా అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. నువ్విప్పుడు సులువుగా చేయొచ్చు. 2024 ఉగాదికి వచ్చింది క్రోధే కదా, అక్కడి నుంచి అరవై చొప్పున పదమూడు చుట్లు వెనక్కి వెళ్తే 780 ఏళ్లు, సరిగ్గా 1244. అంకె చెక్కడంలో పొరపాటు జరిగినా పేరు పట్టిస్తుంది, పేరు అరిగిపోయినా అంకె పట్టిస్తుంది. యూరప్ వాళ్లకు ఇదే పని చేసేది ఇండిక్షన్, పదిహేనేళ్ల చుట్టు. ఏడాదికి మూడు కలిపి పదిహేనుతో భాగిస్తే మిగిలేదే ఇండిక్షన్ అంకె, ఏమీ మిగలకపోతే పదిహేను. 1271కి పద్నాలుగు. కానీ గ్రీకు పద్ధతిలో ఇండిక్షన్ మారేది సెప్టెంబర్ 1న, సరిగ్గా మన ఎన్నిక రోజున! ఆ పద్ధతిలో రాసేవాడు అదే రోజుకు పదిహేను వేస్తాడు. కాబట్టి తాళంచెవి చేతికొచ్చినా అది ఏ ఊరి తాళానిదో చూసుకోవాలి.

ప్రశ్న: అయ్యా, 1130లో ఒకే రోజు ఇద్దరు పోపులు ఎన్నికయ్యారని చదివాను. అంతకుముందున్న హోనోరియస్ ఫిబ్రవరి 13న పోయారని కొందరు, 14న అని కొందరు రాశారు. ఒక్క రోజు తేడాను కూడా చరిత్రకారులు ఎందుకింత పట్టించుకుంటారు? – ఒక గృహిణి, కోవూరు

జవాబు: ఆ ఒక్క రోజు మీదే ఎనిమిదేళ్ల గొడవ నడిచిందమ్మా. ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా మేనమామ కూతురి పెళ్లి ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు. శుభలేఖలో ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని వేసి, కింద తేదీ మాత్రం శుక్రవారానిది వేశారు. కోవూరు చుట్టుపక్కల చుట్టాలు మాట చదివి గురువారం సాయంత్రమే దిగారు. ఊరికి కొత్తవాళ్లు, ముఖ్యంగా పెళ్లికొడుకు ఆఫీసు వాళ్లు, తేదీ చూసి శుక్రవారం రాత్రి వచ్చారు. అప్పటికి పందిరి విప్పుతున్నారు, వంటవాళ్లు గుండిగలు తోముకుంటున్నారు. మా అత్తయ్య వాళ్ల ముందు నిలబడి ఏడ్చేసింది. ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్ మీద ఒక తేదీ, పెళ్లిలో చదివించిన పుస్తకం మీద ఇంకో తేదీ ఉన్నాయి. ఎవరూ తప్పు రాయలేదు.

హోనోరియస్ పోయింది సరిగ్గా అలాంటి రాత్రే. ఫిబ్రవరి 13 గురువారం, 14 శుక్రవారం, ఆ రెంటి మధ్య రాత్రి. సూర్యోదయం నుంచి రోజు లెక్కించే అలవాటున్నవాడికి అది 13, అర్ధరాత్రి నుంచి లెక్కించేవాడికి 14, మఠాల్లో పండగ రోజులకు సాయంత్ర ప్రార్థన నుంచే రోజు మొదలు కాబట్టి ఆ అలవాటులో ఉన్నవాడికి కూడా 14. పోప్ కచేరీ నడిపే చాన్సలర్ హైమెరిక్ పక్షం పోప్ మరణాన్ని బయటికి పొక్కనీయకుండా తెల్లవారుజామునే ఒక కార్డినల్‌ను ఎన్నుకుంది, ఆయనే రెండో ఇన్నోసెంట్. సంగతి తెలిసి మిగతా కార్డినళ్లు, సంఖ్యలో వాళ్లే ఎక్కువ, అదే రోజు పొద్దెక్కాక పియెర్లియోనీ కుటుంబంలోని పియెత్రోను ఎన్నుకున్నారు, ఆయన రెండో అనాక్లెటస్. ఇద్దరికీ అభిషేకం ఒకే రోజు, ఫిబ్రవరి 23న, అది ఆదివారం. 1138లో అనాక్లెటస్ పోయేదాకా చీలిక సాగింది.

ఇప్పుడు చూడండి, ‘మావాడే ముందు ఎన్నికయ్యాడు’ అన్నదే ఒక పక్షానికి బలం, ‘మీరు దొంగచాటుగా చేశారు, మేం ఎక్కువమందిమి’ అన్నది రెండో పక్షానికి బలం. అందుకే ఆ రాత్రి గురించి రాసిన ప్రతి ఒక్కరూ ఎవరి తరఫు మనిషో చూడకుండా గంట గానీ తేదీ గానీ తీసుకోకూడదు. మొదటి ఉత్తరంలో చిక్కు అమాయకమైనది, ఎవరి క్యాలెండర్ వాళ్లది. ఇక్కడ కావాలని కూడా కలం వంకర తిరిగి ఉండొచ్చు. నేనైతే ఇలాంటి చోట తన పక్షానికి నష్టం కలిగే సంగతిని కూడా ఒప్పుకుని రాసినవాడి మాటకు ఎక్కువ విలువ ఇస్తాను. ఏడాది సంగతి అడగలేదు గానీ, ఫిబ్రవరి కాబట్టి ఫ్లారెన్స్ లెక్కన, పారిస్ లెక్కన అది ఇంకా 1129 అని గుర్తుంచుకోండి.

ప్రశ్న: సార్, ఏడో గ్రెగరీ అభిషేకం 1073 జూన్ 29 అని ఒకచోట, జూన్ 30 అని ఒకచోట ఉంది. ఆదివారమే చేస్తారని మీరు పోయిన నెల రాశారు కదా అని ఫోన్ క్యాలెండర్‌లో 1073కి వెళ్లి చూశాను, జూన్ 29 ఆదివారం చూపిస్తోంది. అయితే 29 ఖాయం చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: ఫోన్ తీసి వారం చూడాలన్న ఆలోచన వచ్చింది చూశారా, అది చాలా మంచి అలవాటు. కానీ మీ ఫోన్ ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్‌నే వెనక్కి సాగదీసి చూపిస్తోంది. ఆ క్యాలెండర్ పుట్టింది 1582లో, అక్టోబర్ 4 తర్వాత ఏకంగా 15కి దూకి. అంతకుముందు యూరప్‌లో అందరూ వాడింది జూలియన్ క్యాలెండర్. 1073 నాటికి రెండింటికీ తేడా ఆరు రోజులు, అందుకే మీకు వారం తప్పింది. పన్నెండు, పదమూడు శతాబ్దాలకైతే తేడా నిండుగా ఏడు రోజులు కాబట్టి ఫోన్ చెప్పే వారం అనుకోకుండా సరిపోతుంది, అది చూసి అన్నిటికీ నమ్మేస్తాం.

ఈస్టర్‌తో లెక్క వేద్దాం. 1073లో ఈస్టర్ మార్చి 31. అక్కడి నుంచి సరిగ్గా పదమూడు వారాలకు జూన్ 30. కాబట్టి ఆదివారం 30వ తేదీ, 29 శనివారం. ఈ పద్ధతి ఆ ఏటికి పనిచేస్తుందా అన్న సందేహం ఉంటే, ఆయన ఎన్నికతోనే పరీక్షించుకోవచ్చు. ఆ ఎన్నికను ఆయన రిజిస్టర్ మొదట్లోనే రాసి పెట్టారు: 1073, ఇండిక్షన్ పదకొండు, మే కలెండ్స్‌కు పదో రోజు, సోమవారం. మే 1 నుంచి వెనక్కి పది లెక్కపెడితే ఏప్రిల్ 22. ఈస్టర్ మార్చి 31 అయితే ఏప్రిల్ 21 ఆదివారం, 22 సోమవారం. 1073కి మూడు కలిపి పదిహేనుతో భాగిస్తే మిగిలేది పదకొండు. నాలుగు వైపుల నుంచీ ఒకే రోజు దగ్గరికి వచ్చాం. ఇలా రాసిపెట్టిన గుమస్తాకు తొమ్మిదిన్నర వందల ఏళ్ల తర్వాత కూడా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక 29 అన్నవాళ్లు గాలిలోంచి తెచ్చింది కాదు, అది పేతురు, పౌలు అపొస్తలుల పండగ, రోమ్‌కు అంతకంటే పెద్ద రోజు లేదు, అలాంటి పండగ నాడు కూడా అభిషేకం చేయొచ్చు. పండగ శనివారం, మర్నాడు ఆదివారం, రెండు రోజులూ వేడుకలే. అపొస్తలుల పండగకు జరిగిందని గుర్తున్నవాడు 29 అని రాసేస్తాడు, మన వాళ్లు కనుమ నాడు జరిగిందాన్ని కూడా సంక్రాంతికి జరిగిందని చెప్పినట్టు. 29కి బదులు 30 అని తప్పుగా రాయడానికి అలాంటి ఆకర్షణ ఏదీ లేదు, అందుకే నేను 30 వైపే ఉంటాను. మీ నోట్సులో జూన్ 30 అని రాసుకుని, పక్కనే 29 అని, అది ఏ పండగో కూడా రాసి పెట్టుకోండి.